పొడుగు ఇంగ్లీష్ పదాన్ని ఎక్కడ విడగొట్టాలి?

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి, ఈ ఏడే తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియంకి మారాడు. చిన్న పదాలు బాగానే చదువుతాడు గానీ పొడుగు పదం వస్తే మొదటి రెండు లెటర్లు చూసి ఏదో ఒకటి అనేస్తాడు. గవర్నమెంట్ రాస్తే మధ్యలో ఎన్ ఎగిరిపోతుంది. విడగొట్టి చదివించమంటున్నారు, ఎక్కడ విడగొట్టాలండీ?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఇవి రెండు వేరే వేరే ఇబ్బందులు. చదవడానికి పదాన్ని శబ్దాన్ని బట్టి విడగొట్టాలి, స్పెల్లింగ్‌కి అర్థాన్ని బట్టి విడగొట్టాలి, ఈ రెండూ కలిపేసి చెప్తే పిల్లలు తికమక పడిపోతారు.

ముందు చదవడం. ఎన్ని అచ్చు శబ్దాలు వినిపిస్తే అన్ని సిలబుల్స్, అంటే ఒక్కో దమ్ములో పలికే ముక్కలు, లెటర్లు లెక్కపెట్టొద్దు, కేక్‌లో ఏ, ఈ రెండూ ఉన్నా పలికే అచ్చు ఒకటే కదా. రెండు హల్లులు పక్కపక్కన ఉంటే మామూలుగా వాటి మధ్య విడగొడతాం, బాస్-కెట్, ర్యాబ్-బిట్ ఇలా. ఎస్‌హెచ్, టిహెచ్ లాంటి జంటలు మాత్రం ఒకే శబ్దం, వాటిని విడదీయకూడదు. ఇంకోటి, మనం తెలుగులోలాగా అన్ని ముక్కలూ సమానంగా పలికేస్తాం, ఇంగ్లీష్‌లో ఒకదాని మీద ఒత్తు పడాలి, అంటే ఆ ముక్కని మిగతావాటికంటే గట్టిగా పలకాలి. చివర టి-ఐ-ఓ-ఎన్ ఉంటే దాని ముందు ముక్క మీదే ఆ ఒత్తు, ఇన్-ఫర్-మే-షన్‌లో మే, ఎడ్యుకేషన్‌లో కే. చప్పట్లు కొడుతూ చదివించి అక్కడ గట్టిగా కొట్టమనండి.

స్పెల్లింగ్ దగ్గర ఇది పనిచెయ్యదు, ఎందుకంటే గవర్నమెంట్‌లో ఆ ఎన్ చాలామంది నోట్లో వినపడనే వినపడదు. గవర్న్ అంటే పాలించడం, దానికి మెంట్ చేరింది అని చూపిస్తే ఎన్ ఎక్కడికీ పోదు. అన్‌నెసెసరీలో మొదట రెండు ఎన్‌లు ఎందుకంటే అన్‌ది ఒకటి, నెసెసరీది ఒకటి. డిసపియర్‌లో ఎస్ ఒకటే, పి రెండు, డిస్‌కి అపియర్ కలిసింది కాబట్టి. కానీ అన్ అని కనపడ్డ ప్రతిదాన్నీ కోసెయ్యకండి, అంకుల్ కూడా యు-ఎన్ తోనే మొదలవుతుంది, అది తీసేస్తే మిగిలినదానికి అర్థమే లేదు. తీసేశాక మిగిలినదానికి అర్థం ఉందా అని ముందు చూడమనండి.

శబ్దం, అర్థం ఒకేచోట విడిపోవాలని కూడా లేదు. హెలికాప్టర్‌ని నోటితో హె-లి-కాప్-టర్ అంటాం, పుట్టుక చూస్తే మాత్రం గ్రీకులో మెలి తిరిగినది అనే హెలికో, రెక్క అనే ప్టెర్.

కొత్త లిస్టులేం కొనకండి, బాబు సైన్సు పుస్తకంతోనే మొదలుపెట్టండి. ఫోటోసింథసిస్ వస్తుంది కదా, ఫోటో అంటే వెలుతురు, సింథసిస్ అంటే కలిపి తయారుచెయ్యడం, స్పెల్లింగూ వస్తుంది, పాఠమూ సగం అర్థమైపోతుంది.