స్కాన్ ఫోల్డర్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నెట్ సెంటర్ బాగా నడుస్తోందని అక్క చెప్పింది, చాలా సంతోషం. కంప్యూటర్ నిండిపోతోంది, పాత ఫైళ్లు వాటంతటవే పోయేలా ఎలా పెట్టాలి అని అడిగావు. చోటు సంగతి అలా ఉంచు. మన దగ్గర స్కాన్ అయ్యేవి జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు. పని అయ్యాక అవి మన దగ్గర పడి ఉండకూడదు. అందుకోసమైనా ఈ పని చెయ్యాల్సిందే.

ముందు తేలికైనది. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అక్కడ స్టోరేజ్ సెన్స్ ఉంటుంది. అక్కర్లేని పాత ఫైళ్లను అదే తీసేస్తుంది. ఆన్ చేసి వారానికోసారి నడిచేలా పెట్టు. రీసైకిల్ బిన్‌కి 14 రోజులు చాలు. డౌన్‌లోడ్స్‌కి కూడా 14 పెట్టొచ్చు కానీ, ప్రింటర్ డ్రైవర్లు, వేలిముద్రల మెషిన్ సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంటే ముందు వాటిని డి డ్రైవ్‌లోకి మార్చుకో. స్టోరేజ్ సెన్స్ చూసేది సి డ్రైవ్‌నే. నీ స్కాన్లు డి లో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి అది రాదు.

వాటికి, తేదీని బట్టి ఫైళ్లు వెతికే ఫర్‌ఫైల్స్ కమాండ్‌తో చిన్న బ్యాచ్ ఫైల్ (కమాండ్లు రాసి పెట్టుకునే ఫైల్) రాసి, చెప్పిన టైముకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రిపూటకి పెట్టాలి. ఇన్ని రోజులు దాటిన ఫైళ్లు తీసెయ్ అంటే తీసేస్తుంది. ఇక్కడే జాగ్రత్త. అది చూసేది ఫైల్ ఆఖరిసారి మారిన తేదీని, మన ఫోల్డర్‌లోకి వచ్చిన తేదీని కాదు.

ఇది నాకు ఎలా తెలిసిందో విను. ఒకాయన కూతురి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కోసం పల్లె నుంచి సాయంత్రం బస్సులో వచ్చాడు. పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. రెండేళ్ల కింద స్కాన్ చేయించినవి. సైట్ మొరాయిస్తుంటే, కాపీ చేసి ఉంచుతాను, పొద్దున అప్‌లోడ్ చేస్తాను అని పంపించాను. ఎక్కడి నుంచి కాపీ చేసినా పాత తేదీ ఫైల్‌తో పాటే వస్తుంది. రాత్రి టాస్క్ నడిచింది. పొద్దున ఫోల్డర్ ఖాళీ. ఫైళ్లు చెరిపే డెల్ కమాండ్‌తో పోయినవి రీసైకిల్ బిన్‌లో కూడా ఉండవు. ఆయన మళ్లీ బస్సెక్కి పెన్‌డ్రైవ్ తేవాల్సి వచ్చింది. ఆఖరి రోజు కూడా అదే. సాయంత్రానికి పని అయింది గానీ, కౌంటర్ ముందు ఆ పిల్ల ముఖం నేనింకా మర్చిపోలేదు.

అందుకే బయట నుంచి వచ్చిన ఫైళ్లకి విడిగా ఒక ఫోల్డర్ పెట్టు. టాస్క్ దాన్ని ముట్టుకోకూడదు. షట్టర్ దించే ముందు, పని అయిపోయినవి నీ చేత్తోనే తీసెయ్.

ఇంకోటి. బ్యాచ్ ఫైల్‌లో ఫోల్డర్ దారి పూర్తిగా రాయి. దారి రాయకపోతే ఫర్‌ఫైల్స్ అప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉంటే అక్కడే మొదలుపెడుతుంది. షెడ్యూలర్ నుంచి నడిచేటప్పుడు అది విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్ కావచ్చు. అక్కడ ఫైళ్లు చెరిపితే విండోస్ దెబ్బతింటుంది.

మొదటి వారం డెల్ పెట్టనే వద్దు. దాని చోట, పేరు మాత్రమే చూపించే ఎకో కమాండ్ పెట్టి, పేర్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో పడేలా చెయ్యి. రోజూ పొద్దున టీ తాగుతూ ఆ లిస్టు చదువు. ఉండాల్సిన పేరు ఒక్కటి కనబడ్డా రూల్ మార్చు. రెండో వారం ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి జరిపేలా పెట్టు. ఎవరూ వచ్చి అడగకపోతే, అప్పుడు డెల్.

ఆధార్ విషయంలో మాత్రం రాత్రి దాకా ఆగకు. ప్రింట్ వచ్చాక, మనిషి ఎదురుగా ఉండగానే ఫైల్ మీద షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కు. తీసేశానండీ అని స్క్రీన్ చూపించు. పెద్దవాళ్లు ఎంత నిశ్చింతగా వెళ్తారో నువ్వే చూస్తావు.

ఆదివారం సెంటర్ మూశాక ఫోన్ చెయ్యి. మొదటి లిస్టు ఇద్దరం కలిసి చదువుదాం.

మీ మావయ్య