మడిచాక పేజీలు తలకిందులైతే

మీ జీన్ (zine, ఒక్క కాగితం మడిచి చేసే చిట్టి పుస్తకం) జిరాక్స్ తీయించి మడిచాక సగం పేజీలు తలకిందులయ్యాయి, షాపు వాళ్ల తప్పేనా అని అడిగారు కదా. వాళ్ల తప్పేం లేదండి, మీరు బొమ్మలు ముందు వేసేసి కాగితం తర్వాత మడిచారు, అందుకే ఎనిమిది పేజీల్లో సగం తలకిందులయ్యాయి.

1. ఖాళీ ఏ4 కాగితాన్ని 8 గళ్లుగా (నాలుగేసి గళ్ల రెండు వరసలు) మడిచి, ఆ రెండు వరసల మధ్య అడ్డమడతని మధ్య రెండు గళ్ల మేర మాత్రమే కోసి, పుస్తకంలా మడవండి.

2. అందరూ వదిలేసేది ఇదే: పేజీలు తిప్పుతూ పెన్సిల్‌తో 1 నుంచి 8 దాకా అంకెలు వేసి, అప్పుడు విప్పండి. కింది వరసలో 8, 1, 2, 3, పై వరసలో తలకిందులుగా 7, 6, 5, 4 కనిపిస్తాయి. ఈ నమూనాని గోడకి అంటించుకుని, దాన్ని చూసి బొమ్మలు వేసుకుంటే ఇకపై చేసే జీన్‌లన్నిటికీ అదొక్కటే చాలు.

3. చుట్టూ అర సెంటీమీటరు వదలండి, లేకపోతే కాపీలో అంచులు పోతాయి.

జెల్ పెన్ను మాత్రం వద్దు, మన వైజాగ్ ఉక్కలో చెమట చెయ్యి తగిలిందంటే అంతా అలికేసినట్టే.