‘పిచ్చి’ అన్న మాట కొట్టేయ్

చిరంజీవికి ఆశీస్సులు.

విక్టోరియా కాలపు విలాస పడవల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘పిచ్చి’ అనే మాట పదకొండు చోట్ల వాడావు. పదకొండూ కొట్టేయ్. ఆ పడవలు కట్టినవాళ్లు లెక్కలు వేసుకునే కట్టారు. వింత ఆకారం వెనక ఏదో ఒక పందెం నిబంధనో, లోతులేని రేవో, యజమాని కడుపులో తిప్పడమో ఉంటుంది. ముందు దాన్ని పట్టుకో.

ఊనా సంగతే చూడు. ‘కత్తిలా సన్నటి పడవ’ అని ఒక్క వాక్యంతో దాటేశావు. నీ వ్యాసానికి గుండెకాయ అదే. 1880ల తొలి సగంలో ఇంగ్లండ్ పందేల్లో యాట్లను, అంటే ఈ విలాస పడవలను, టన్నుల్లో కొలిచేవారు. ఆ టన్ను బరువు కాదు, ఒట్టి లెక్క. ఈ మాట మొదట్లోనే చెప్పకపోతే పాఠకుడు చివరిదాకా తప్పుగానే చదువుతాడు. పొడవు, వెడల్పు కూడాలి. వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేయాలి. మళ్లీ వెడల్పుతో హెచ్చవేసి 1730తో భాగించాలి. ఊనా పొడవు నీటిమట్టం దగ్గర 34 అడుగులు, వెడల్పు అయిదున్నర. కాగితం మీద వేసి చూడు, 4.96 వస్తుంది. అయిదు టన్నుల తరగతిలో ఒరలో కత్తిలా పట్టింది.

ఇప్పుడు వెడల్పు 8 అడుగులు చెయ్. టన్నులు 8 దాటిపోతాయి. ఆ వెడల్పుతోనే అయిదు టన్నుల్లో ఉండాలంటే పొడవు 25 అడుగులకు కుదించాలి. అక్కడే దెబ్బ. ఇలాంటి పడవ పట్టగల వేగం సుమారుగా పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది: 34 అడుగులకు గంటకు 7.8 నాటికల్ మైళ్లు, 25 అడుగులకు 6.7. పందెంలో ఆ తేడాకి ఎదుటి పడవ కంటికి కనిపించనంత దూరం వెళ్లిపోతుంది.

సూత్రంలో వెడల్పు రెండుసార్లు వస్తుంది. లోతు ఒక్కసారీ రాదు, తెరచాప అసలే రాదు. అందుకే వెడల్పు కోసేశారు, నీళ్లలోకి 8 అడుగులు దించారు, అడుగున సీసం వేలాడదీశారు, పైన గుడ్డ విపరీతంగా ఎక్కించారు. వెడల్పాటి పడవ తన వెడల్పు మీద నిలబడుతుంది, ఇది అడుగున ఉన్న బరువు మీద నిలబడాలి. పాఠకుణ్ణి ఆ పడవ మధ్యలో నిలబెట్టి చేతులు చాపమను. రెండు పక్కలా చెక్క తగులుతుంది. ‘కత్తి’ అనే పోలిక చేయలేని పని ఆ చేతులు చేస్తాయి.

1886 మేలో ఐర్లండ్‌లోని మలహైడ్ తీరం దగ్గర ఊనా పోయింది. రూపకర్త విలియం పేటన్‌తో సహా ఎవరూ బతకలేదు. నువ్వు ‘సన్నగా ఉండబట్టే మునిగింది’ అన్నావు. తీసెయ్. పెనుగాలి ఒడ్డుకు తోస్తే వెడల్పాటి పడవలూ పగులుతాయి. నువ్వు వదిలేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఏడాది తర్వాత సూత్రమే మారింది: పొడవును తెరచాప వైశాల్యంతో హెచ్చవేసి 6000తో భాగించడం. వెడల్పు మీద పన్ను పోయింది, పడవలు మళ్లీ ఒళ్లు చేశాయి.

ఇక లివాడియా. రష్యా జార్ రెండో అలెగ్జాండర్ కోసం అడ్మిరల్ పొపోవ్ ఊహించింది, 1880లో గ్లాస్గో పక్కన గోవన్‌లో జాన్ ఎల్డర్ కంపెనీ కట్టింది. పొడవు సుమారు 260 అడుగులు, వెడల్పు 153, నీళ్లలో మునిగేది ఆరున్నర అడుగులే. నువ్వేమో లోపలి ఫౌంటెన్‌కు ఆరు వాక్యాలు ఇచ్చి, అడుగుభాగానికి ఒక్కటీ ఇవ్వలేదు. కథంతా అడుగునే ఉంది. ఊగకూడదన్నది కోరిక. అంత వెడల్పుతో అది నెరవేరింది, పక్కలకు ఊగడం చాలా తక్కువ. మూడు ప్రొపెల్లర్లతో పరీక్షల్లో గంటకు 15.7 నాటికల్ మైళ్లు కూడా పరిగెత్తింది. కానీ అక్టోబరులో బిస్కే అఖాతంలో తుపాను తగిలింది. ముక్కు అల మీద లేచి దిగిన ప్రతిసారీ ఆ చదును అడుగు నీళ్లను చరిచింది. బావిలోకి బోర్లా దూకితే పొట్ట ఎలా చుర్రుమంటుందో నీకు తెలుసుగా, అదే. ముందువైపు రేకులు సొట్టలుపడి, స్పెయిన్‌లోని ఫెరోల్ రేవు చేరింది. ఊగకుండా చేసిన చదునే దెబ్బలు తినిపించింది. ఆ రెండు సంగతులూ ఒకే పేరాలో ఉండాలి.

‘మన పుట్టిలా గుండ్రంగా’ అన్నావు. ఆ పోలిక పొపోవ్ అంతకుముందు కట్టిన నొవ్‌గొరోద్ యుద్ధనౌకకు సరిపోతుంది, అది నిజంగానే గుండ్రం. లివాడియా కోలగా ఉంటుంది, టర్బట్ అనే చదును చేపలాగా. పుట్టిని దానికి అంటగట్టకు.

మాటల దగ్గర కొంచెం జాగ్రత్త. ‘కీలు’ అని రాశావు, తలుపు కీలు అనుకుంటారు. ‘కీల్’ అని రాసి, పడవ పొడవునా అడుగున ఉండే దూలమని ఒక్కసారి చెప్పు. ‘15 నాట్లు’ చదివితే మనవాళ్లకు వరిచేను గుర్తొస్తుంది. పైగా నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, దాని ముందు మళ్లీ ‘గంటకు’ అక్కర్లేదు. ఓడ ఊగినా లోపలి హాలు ఊగకూడదని బెస్సెమర్ చేయించిన ఓడ కథ బాగుంది కానీ అది ఇంగ్లిష్ చానెల్ దాటించే ప్రయాణికుల స్టీమర్. ఈ వ్యాసంలో దానికి చోటు లేదు.

ఆ ఖాళీలో జులనార్ అనే యాట్‌ని పెట్టు. నాగళ్లూ వ్యవసాయ పనిముట్లూ చేసే బెంటాల్, ఎసెక్స్‌లో 1875లో కట్టించాడు. నీటిని రాచుకునే ఒళ్లు తగ్గాలని ముందూ వెనకా అడుగుభాగం కోసేశాడు. చూసినవాళ్లకు వికారంగా తోచినా పందేలు గెలిచింది, తర్వాతి రూపకర్తలు ఆ కోతను అనుసరించారు. ఒక పేరా చాలు.

తిరగరాసి పంపేటప్పుడు ఊనా అడ్డుకోత బొమ్మ కూడా జతచెయ్. అడ్డం అయిదున్నర, నీటికింద ఎనిమిది. స్కేలు తప్పకూడదు.