అటక మీది కంప్యూటర్ వెబ్ సర్వర్ అవుతుందా?

ప్రశ్న: 2010లో కొన్న మా డెస్క్‌టాప్ అటక మీద ఉంది. కోర్ 2 డ్యూయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. మా నాన్నగారు రాసిన కథలతో వెబ్‌సైట్ పెట్టాలని నా కోరిక. నెలనెలా అద్దె కట్టకుండా దీన్నే సర్వర్‌గా మార్చుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: నిక్షేపంగా మార్చుకోవచ్చు. కథల పేజీలు పంపడం ఈ కంప్యూటర్‌కు పెద్ద పనేమీ కాదు. విండోస్ 7ను మాత్రం ఇంటర్నెట్ ముందు నిలబెట్టకండి. దానికి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2020 జనవరి 14తో ఆగిపోయింది. ఫొటోలు, ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకుని విండోస్ బదులు డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి. డెస్క్‌టాప్ హంగులు వద్దనుకుంటే 2 జీబీ ర్యామ్ ధారాళంగా సరిపోతుంది. దాని మీద అపాచీ అనే, అడిగినవారికి పేజీలు పంపే సాఫ్ట్‌వేర్ వేస్తే సర్వర్ సిద్ధం.

అసలు చిక్కు ఇంటి చిరునామా దగ్గర వస్తుంది. మన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు చాలావరకు ఒకే పబ్లిక్ ఐపీ అడ్రసును, అంటే ఇంటర్నెట్‌లో కనిపించే అంకెల చిరునామాను, ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తాయి. అపార్టుమెంటు మొత్తానికి ఒకటే డోర్ నంబరు ఉన్నట్టు. లోపలివాళ్లు బయటకు వెళ్లగలరు కానీ, బయటినుంచి వచ్చినవారికి మీ ఫ్లాట్ ఏదో తెలియదు. అందుకే అన్నింటికన్నా ముందు బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి, వాన్ ఐపీ (WAN IP, బయటి ఇంటర్నెట్ వైపు అడ్రసు) అనే చోట చూడండి. అక్కడి అడ్రసులో మొదటి చుక్కకు ముందు సరిగ్గా 10 ఉన్నా, లేదా అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా మీదీ ఉమ్మడి అడ్రసే. అప్పుడు రౌటర్‌లో పోర్టులు, అంటే బయటివారు లోపలికి వచ్చే ద్వారాలు, ఎన్ని తెరిచినా ఫలితం ఉండదు. కంపెనీని అడిగి స్టాటిక్ ఐపీ, అంటే మీకొక్కరికే ఉండే మారని అడ్రసు, కొనుక్కోవచ్చు. నేనైతే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఇచ్చే టనెల్ సేవ వాడమంటాను. మీ కంప్యూటరే బయటకు దారి వేసుకుంటుంది, ఏ పోర్టూ తెరవక్కర్లేదు, సేవ ఉచితం. సొంత డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్‌కు పెట్టుకునే పేరు, మాత్రం కొనాలి.

అద్దె లేదు కదా అని ఖర్చు లేదనుకోవద్దు. ఇలాంటి డెస్క్‌టాప్ 70 వాట్లు తీసుకుంటుందనుకున్నా, రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 50 యూనిట్లు. మీ బిల్లు పై శ్లాబులోకి వెళ్లవచ్చు. 15 వాట్లతో నడిచే పాత లాప్‌టాప్ ఉంటే 11 యూనిట్లతో పోతుంది. కథలు పాఠకులకు చేరడమే ముఖ్యమైతే గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత వెబ్‌సైట్ సేవలో పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. సర్వర్ నడపడం నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉంటేనే ఈ శ్రమ పడండి. ఆ ఉత్సాహం ఉంటే మాత్రం ఇంతకన్నా మంచి బడి లేదు.

గాలివాన వస్తే కరెంటు పోతుంది, తిరిగి వస్తుంది. కంప్యూటర్ దానంతట అదే లేవాలంటే బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్ సెట్టింగుల్లో, కరెంటు రాగానే ఆన్ అయ్యే అమరిక పెట్టాలి. పాత యంత్రాల్లో ఇది ఒక్కోసారి నిలవదు. మూత విప్పితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ కనిపిస్తుంది, సీఆర్2032 అని దాని మీదే రాసి ఉంటుంది. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ అన్నీ మరచిపోతుంది. కొత్తది వాచీల దుకాణంలోనూ దొరుకుతుంది. విప్పినప్పుడే ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము మెత్తని బ్రష్‌తో దులపండి.

పదిహేనేళ్ల హార్డ్ డిస్కును నమ్మి నాన్నగారి కథలు దానిలో ఒక్కచోటే ఉంచకండి. ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో, మరొకటి బంధువుల ఇంట్లో ఉండాలి. రౌటర్‌లో చూసిన అడ్రసులో రెండో చుక్క ముందు వరకు ఉన్న రెండు సంఖ్యలు మాత్రం నాకు రాయండి, తర్వాత ఏం చేయాలో చెబుతాను. పూర్తి అడ్రసు ఎవరికీ పంపవద్దు.