కొత్త క్షవరం కత్తిని మొదటి గడ్డానికి ముందు సానపట్టాలా? 8000 గ్రిట్ రాయి ఒక్కటే సరిపోతుందా?

కొత్తగా కొన్న స్ట్రెయిట్ రేజర్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా గడ్డం గీసుకోవచ్చా, లేక ముందే నూరాలా, నూరవలసివస్తే దగ్గరున్న 8000 గ్రిట్ సానరాయి చాలునా అని మీరు అడిగారు (గ్రిట్ అంటే రాయి రేణువుల సన్నదనాన్ని చెప్పే అంకె; అది పెరిగేకొద్దీ రాయి నున్నన). అమ్మినవారు చేత్తో నూరి, గడ్డానికి సిద్ధం చేసి ఇచ్చామని స్పష్టంగా చెప్పి ఉంటే తప్ప, నూరవలసిందే. 8000 రాయి సంగతి మాత్రం కత్తిని చూడకుండా చెప్పలేము. నేను పొరబడింది సరిగ్గా అక్కడే కాబట్టి ఆ సంగతే ముందు చెబుతాను.

నా మొదటి కత్తి పెట్టెలోంచి తీయగానే ముంజేతి వెంట్రుకలను కోసింది. అంచు ఉన్నట్టే కదా, కాస్త మెరుగుపెడితే చాలుననుకొని వారాల తరబడి 8000 రాయి మీద, ఆపైన తోలుపట్టీ మీద దాన్ని తిప్పుతూ కూర్చున్నాను. చెంపల మీద ఎలాగో నడిచేది గాని, గడ్డం కిందికి రాగానే వెంట్రుకలను కోయకుండా పీకేది. చివరికి అంచు పక్కన రెండు వైపులా ఉండే సన్నని వాలు మీద నల్ల మార్కర్ పూసి, రాయి మీద రెండే రెండుసార్లు నడిపి చూశాను. వాలు పైభాగంలో సిరా శుభ్రంగా పోయింది. అంచు కొనన మాత్రం వెంట్రుకంత మందాన నల్లగీత అలాగే మిగిలింది, అదీ పిడి వైపు బొటనవేలి వెడల్పు మేర మరీ స్పష్టంగా. అంటే అన్ని రోజులూ నేను మెరుగుపెట్టింది వాలు భుజాన్నే. అసలు అంచును రాయి తాకనే లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఈ కత్తి నిర్మాణం చూడాలి. వంటింటి కత్తికి కోణం మన చేతిలో ఉంటుంది; దీనికి కోణాన్ని వెన్నే నిర్ణయిస్తుంది. వెన్నూ అంచూ రెండూ రాయిని తాకేటట్టు బల్లపరుపుగా పడుకోబెడితే, వెన్ను మందానికీ కత్తి వెడల్పుకూ ఉన్న నిష్పత్తిని బట్టి రెండు వాలుల నడుమ సుమారు 16, 17 డిగ్రీల కోణం తనంతట తానే వస్తుంది. అందువల్ల నూరేటప్పుడు వెన్నును ఎన్నడూ ఎత్తకూడదు. అయితే కర్మాగారంలో చక్రం మీద తీర్చిన వాలులు కొసనుంచి కొసదాకా ఒకే తీరుగా ఉంటాయన్న హామీ లేదు. ఆ రెండు వాలులూ అంచు పొడవునా ఒకదాన్నొకటి కలుసుకొనేదాకా 1000 గ్రిట్ వంటి ముతక రాయి మీదే పని జరగాలి. ఈ మెట్టు దాటవేస్తే ఆపైన ఎంత నున్నని రాయి వాడినా అది తళతళలాడే మొద్దు కత్తే అవుతుంది.

ముందు రాయి చదునుగా ఉందో లేదో చూసుకోండి. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గాజుపలక మీద పరిచిన నీటి ఎమెరీ కాగితంపై రుద్దితే, గీతలన్నీ సమంగా చెరిగిపోయేదాకా అది చదును కానట్టే. తరువాత రాయిని తడిపి, అంచు ముందుండేలా కత్తిని నడపాలి. పిడి దగ్గర మొదలుపెట్టి, ముందుకు తోస్తూనే పక్కకు జరుపుకుంటూ మొన దగ్గర ముగిస్తే పొడవంతా రాయికి అందుతుంది. చివర తిప్పేటప్పుడు వెన్ను మీదుగానే తిప్పండి. ఆ సమయంలో నీటిని గమనిస్తే చాలా సంగతులు తెలుస్తాయి: అంచు రాయిని తాకుతున్నచోట దాని ముందరి నీరు సన్నని తెరలాగా కత్తి మీదికి ఎక్కుతుంది, తాకనిచోట అడుగునుంచి జారిపోతుంది. చేతి బరువు కత్తి బరువుకన్నా కాస్త ఎక్కువ, అంతే. గట్టిగా నొక్కితే పలచని అంచు వంగిపోయి, పని అయినట్టు భ్రమ కలుగుతుంది.

ఎన్నిసార్లు నడపాలన్న లెక్కలను నేను నమ్మను. దీపం కింద అంచును నిట్టనిలువుగా పట్టి చూసినప్పుడు ఎక్కడా మెరుపు చుక్క కనబడకపోతే, మొననుంచి పిడిదాకా అన్నిచోట్లా ముంజేతి వెంట్రుకలు ఒకే తేలికతో తెగితే, ముతకరాయి పని ముగిసినట్టే. ఆపైన 4000, 8000, వీలుంటే 12000 రాళ్ల మీద, అంతకుముందు రాయి గీతలు పోయేదాకా, బరువు ఇంకా తగ్గించుకుంటూ నడపాలి. అంచును గోరు మీద లాగి చూసే పాత పరీక్ష ఒకటుంది; నున్నని రాళ్ల తరువాత మాత్రం దాని జోలికి పోకండి, తెచ్చుకున్న పదును అక్కడే పోతుంది.

వెన్నుకు ఎలక్ట్రికల్ టేపు అంటించి నూరేవారూ ఉన్నారు. అందువల్ల వెన్ను అరగదు గాని కోణం కొంచెం పెరుగుతుంది కాబట్టి, ఒకసారి టేపుతో వాలు తీర్చితే ప్రతిసారీ టేపు వేయవలసివస్తుంది. నేను వేయను.

తోలుపట్టీ మీద దిశ తలకిందులు: వెన్ను ముందు, అంచు వెనుక. ముందు పట్టీకి జతగా ఉండే గుడ్డ మీద 20 సార్లు, ఆపైన తోలు మీద 50 సార్లు, పట్టీ సడలకుండా లాగిపట్టి నడిపితే చాలు. నా మొదటి పట్టీ మీద ఇప్పటికీ ఒక లోతైన గాటు ఉంది; తొందరలో వెన్ను మీదుగా కాక అంచు మీదుగా తిప్పిన ఫలితమది.

మొదటిసారి చెంపలతో సరిపెట్టుకోండి. చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టినా కత్తి లాగుతుంటే, వెంటనే ముతకరాయికి పోకుండా 8000 మీద మరికొంతసేపు తేలికగా నడపండి. కార్బన్ ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది గనుక పని కాగానే పొడిగా తుడవండి.

ఇక మీ రాయి విషయం: ఈ రోజే వాలులకు మార్కర్ పూసి, 8000 మీద రెండు వైపులా నాలుగైదుసార్లు నడిపి చూడండి. సిరా అంచు కొనదాకా పొడవునా పోతే మీ రాయి ఒక్కటే చాలవచ్చు. ఎక్కడైనా నల్లగీత మిగిలితే 1000 రాయి తెచ్చుకోండి, లేదా ఈ ఒక్కసారికి చేయి తిరిగినవారి చేత వాలు తీర్పించుకోండి.