సయనైడుకు ప్రోబయోటిక్ క్యాప్సూళ్లు విరుగుడు కావు

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతం. వానలు లేక వాడిపోయిన పొలంలో జొన్న పిలకలు మేసి మా గేదె వణుకుతూ పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి, నాము తగిలిందని, అది సయనైడు విషమని చెప్పి ఇంజెక్షన్లతో బతికించారు. మేము రోజూ జొన్నరొట్టెలే తింటాం. కొన్ని బ్యాక్టీరియాలు సయనైడును విడగొడతాయని చదివాను. ముందుజాగ్రత్తగా పిల్లలకు ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూళ్లు వేయవచ్చా?

సలహా: ఇందుకోసం వేయవద్దు, ఆ అవసరమూ లేదు. విషానికి మూలమైన ధుర్రిన్ అనే పదార్థం లేత ఆకుల్లోనూ, బెట్టకు గురైన పైరులోనూ, కోత తర్వాత వచ్చే పిలకల్లోనూ అధికంగా ఉంటుంది. బాగా ముదిరి ఎండిన గింజలో అది లెక్కలోకి రానంత తక్కువ కనుక రొట్టె, సంగటి నిశ్చింతగా తినండి. అయితే జొన్నలు మొలకెత్తితే ధుర్రిన్ మళ్లీ పెరుగుతుంది. పెసల మాదిరిగా జొన్న మొలకలను పిల్లలకు పచ్చిగా పెట్టకండి.

మీరు చదివినది నిజమే. బాసిల్లస్ ప్యూమిలస్ వంటి బ్యాక్టీరియాలో సయనైడ్ డైహైడ్రటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. సయనైడులో కార్బన్, నత్రజని త్రిబంధంతో బలంగా కలిసి ఉంటాయి. ఈ ఎంజైమ్ అక్కడ రెండు నీటి అణువులను చేర్చి, ఫార్మిక్ ఆమ్లంగా, అమ్మోనియాగా విడగొడుతుంది. అమెరికాలోని సౌత్ డకోటాలో హోమ్‌స్టేక్ బంగారు గని వారు 1984లో ఇలాంటి శక్తి గల సూడోమోనాస్ బ్యాక్టీరియాతో వ్యర్థజలాన్ని శుద్ధి చేయడం మొదలుపెట్టారు. తొట్లలో మెల్లగా తిరిగే పెద్ద బిళ్లలపై పొరలా పెరిగిన బ్యాక్టీరియా, నీటిలో మునిగి తేలుతూ ఆ పని చేసేది.

మనిషి కడుపులో అది సాధ్యపడదు. తటస్థమైన నీటిలో పనిచేసే ఆ ఎంజైమ్ జీర్ణాశయ ఆమ్లానికి నిలవదు; ఈలోగా సయనైడు నిమిషాల్లో రక్తంలో కలిసి, కణాలు ఆక్సిజన్‌ను వాడుకోవడానికి తోడ్పడే సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను అడ్డుకుంటుంది. దుకాణాల్లో దొరికే క్యాప్సూళ్లు ఈ పనికి ఉద్దేశించినవి కానే కావు. పైగా, మీ గేదె కడుపులో ధుర్రిన్ నుంచి సయనైడును అంత వేగంగా విడుదల చేసినది కూడా, మొక్కలోని ఎంజైములతో పాటు, అక్కడి బ్యాక్టీరియా ఎంజైములే.

మనకు అసలైన రక్షణ కాలేయంలో ఉంది. రోడనేజ్ అనే ఎంజైమ్ సయనైడుకు గంధకాన్ని జతచేసి, అంత హాని లేని థయోసయనేట్‌గా మార్చగా, అది మూత్రంలో బయటికి పోతుంది. శరీరంలో ఆ గంధకం నిల్వ పరిమితం. పశువులకు, అవసరమైతే మనుషులకు కూడా ఇచ్చే సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ ఆ గంధకాన్నే అందిస్తుంది. ఆహారంలో గంధకం మాంసకృత్తుల నుంచి వస్తుంది కనుక, క్యాప్సూళ్ల ఖర్చు గుడ్లకు, పాలకు, పప్పుకు పెట్టండి. పిల్లలకు అన్ని విధాలా మేలు.

సయనైడు రసాయనం గానీ, చేదు బాదం గింజలు గానీ లోనికి వెళ్లి, తలనొప్పి, తల తిరగడం, ఆయాసం, వాంతులు కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే 108కి ఫోన్ చేయండి. నోటితో శ్వాస ఇవ్వకండి, ఇచ్చేవారికీ విషం సోకుతుంది. మేత విషయంలో మాత్రం పిలక జొన్న పొలానికి పశువులను తోలకండి. పైరు పూతకు వచ్చాక కోసి, బాగా ఎండబెట్టి వేయండి.