బాడుగింట్లో గోడ నెమ్మెక్కింది, రంగు వేయిస్తే సరిపోతుందా?

తిరుపతి కొర్లగుంటలో కింది పోర్షను, బాత్రూం పక్కనున్న బెడ్‌రూం గోడ మోకాలెత్తు దాకా పొక్కులొచ్చి రాలుతోంది, ఓనరు పుట్టీ పెట్టి రంగు కొట్టిస్తానంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. ఒప్పుకోకండి. ఆ రంగు కార్తీకమాసం దాకా కూడా నిలవదు.

మన దగ్గర గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఏప్రిల్లోనూ ఆ మచ్చ తడిగా ఉందంటే అవి ఇంట్లో వాడే నీళ్ళే. నన్నడిగితే తిరుపతి బాడుగిళ్ళలో సగానికి పైగా నెమ్ముకు కారణం బాత్రూమే, వానను ఊరికే తిడతాం.

మీ పోర్షనుకు వేరే ట్యాంకు ఉంటే రాత్రి కొళాయిలన్నీ కట్టేసి నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లారేసరికి తగ్గితే పైపు లీకు, ప్లంబర్ని పిలవాలి. తగ్గకపోతే ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్ళు బయటికి పోయే గొట్టం) నోట్లో ప్లాస్టిక్ కవరు చుట్టిన తడిగుడ్డ బిగించి, బాత్రూంలో అంగుళం ఎత్తు నీళ్ళు 24 గంటలు నిలపండి. అంతకుముందే గోడ మీద చెమ్మ అంచు వెంబడి పెన్సిలు గీత గీయండి. చెమ్మ గీత దాటితే దొంగ దొరికినట్టే.

ట్రాప్ జాలీ ఎత్తి టార్చి వేసి చూడండి. చాలా ఇళ్ళలో టైలుకూ ట్రాప్ గొట్టానికీ మధ్య సిమెంటు రాలిపోయి వేలు పట్టేంత సందు ఉంటుంది. పోసిన ప్రతి మగ్గులోనూ కొన్ని నీళ్ళు పైపులోకి పోకుండా టైలు కింది ఇసుకలోకి దిగుతాయి. అక్కణ్ణుంచి ఇటుక వాటిని పైకి పీలుస్తుంది. నీళ్ళు ఆరిపోతాయి గానీ బోరు నీళ్ళలోని, ఇటుకలోని ఉప్పు అక్కడే మిగిలి, గడ్డకట్టి రంగును వెనకనుంచి తోస్తుంది. గోకితే రాలే తెల్లపొడి అదే. దాని మీద ఏ కంపెనీ పుట్టీ అయినా నిలవదు.

టైళ్ళ సందుల్లో పాత వైట్ సిమెంటు గీకేసి, రెండు రోజులు బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ గ్రౌట్ నింపించండి. ట్రాప్ చుట్టూ పాలిమర్ కలిపిన సిమెంటు. డబ్బా మీద చెప్పినంత సేపు, కనీసం ఒక రోజు, నీళ్ళు పోయకూడదు. వేరే బాత్రూం లేకపోతే ఊరెళ్ళే రోజు చూసి పెట్టుకోండి.

గోడ పని ఆ తర్వాతే. చెమ్మ గీతకు అడుగు పైదాకా పాత ప్లాస్టరింగు ఊడగొట్టించి, ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే మళ్ళీ గోడలోకే పోతుంది. తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది. ఓనర్లకు ఓపిక లేనిది ఇక్కడే. ఆరాక ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళ ఇసుక కలిపిన మాలుతో మళ్ళీ ప్లాస్టరింగు, బస్తా సిమెంటుకు మామూలుగా 200 మి.లీ. వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్. రంగు మరో 28 రోజులకు. “గోడకు టైల్స్ అంటిస్తే సరి సార్” అనే మేస్త్రీని నమ్మకండి, చెమ్మ టైలు వెనకాలే పైకెక్కి టైలు పై అంచున బయటపడుతుంది. ఆ గోడకు స్విచ్‌బోర్డు ఉంటే, ఆరేదాకా ఆ లైను ఎం.సి.బి. (కరెంటు ఆపే మెయిన్ బోర్డు స్విచ్చు) దించి ఉంచండి.

ఇంకోటి. ఖాళీ చేసేటప్పుడు “గోడ పాడుచేశారు” అని అడ్వాన్సులో కోసే ఓనర్లున్నారు. నీళ్ళు దిగింది వాళ్ళ బాత్రూంలోంచి, కోత మన డబ్బుల్లో! అందుకే ఇప్పుడే ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి, తేదీ దానంతటదే పడుతుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, ఓనరు చేయాల్సిన రిపేరు నోటీసిచ్చాక కూడా తగిన గడువులో చేయకపోతే మీరే చేయించి బాడుగలో పట్టుకోవచ్చు. మెలిక ఆ ‘చేయాల్సిన’ దగ్గరే ఉంది. కాబట్టి పైపులు, బాత్రూం లీకేజీ, మిద్దె ఉరుపు రిపేర్లు ఓనరువే అని అగ్రిమెంటులో రాయించుకోండి. సంతకాలైపోయుంటే 11 నెలలకు రెన్యువల్ ఎటూ వస్తుంది, అప్పుడైనా.